యూరప్ టూర్: నాచారం కుటుంబానికి విమాన టికెట్ కంటే ముందు తగిలే ఖర్చేంటి? ఏ పని ఎప్పుడు చేస్తే డబ్బు మిగులుతుంది?

నాచారంలో ఉండే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. భర్త ఐడీఏలోని ఓ కంపెనీలో సూపర్‌వైజర్. భార్య ప్రైవేట్ స్కూల్ టీచర్. అమ్మాయికి 14 ఏళ్లు, అబ్బాయికి 9. దసరా సెలవుల్లో పది రోజులు యూరప్ చూసి రావాలన్నది కోరిక. వాళ్లు ఐఫిల్ టవర్ చూసినా చూడకపోయినా, విమానం ఎక్కినా ఎక్కకపోయినా, ముందుగా కట్టి మర్చిపోవాల్సిన డబ్బు ఒకటుంది. అదే షెంజెన్ వీసా ఫీజు. పన్నెండేళ్లు నిండినవాళ్లకు ఒక్కొక్కరికి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్లలోపు వాళ్లకు ఉచితం. ఈ నలుగురికీ కలిపి 315 యూరోలు. యూరో 105 రూపాయలనుకుంటే 33 వేల పైమాటే. దరఖాస్తులు తీసుకునే కేంద్రం సర్వీస్ చార్జి దీనికి అదనం.

వీసా వస్తే ఇది ఖర్చు. రాకపోతే నష్టం. తిరస్కరిస్తే ఒక్క యూరో కూడా వెనక్కి ఇవ్వరు. మళ్లీ దరఖాస్తు చేస్తే మళ్లీ మొత్తం కట్టాల్సిందే.

2024లో భారత్‌లోని షెంజెన్ కాన్సులేట్లకు దాదాపు 11 లక్షల దరఖాస్తులు వెళ్తే, సుమారు 1.65 లక్షలు తిరస్కరణకు గురయ్యాయి. అంటే దాదాపు ప్రతి ఏడింటిలో ఒకటి. తాత, నానమ్మలను కూడా తీసుకెళ్దామనుకునే కుటుంబానికి ఫీజు 495 యూరోలకు, అంటే మన లెక్కలో 52 వేలకు చేరుతుంది. ఆన్‌లైన్‌లో ‘చౌకగా యూరప్’ అంటూ కనిపించే సలహాల్లో ఎక్కువ భాగం టికెట్ డిస్కౌంట్ల గురించే ఉంటాయి. ఉప్పల్, నాచారం లాంటి చోట జీతం మీదో, చిన్న యూనిట్ మీదో బతికే కుటుంబానికి టికెట్లో మిగిలే నాలుగైదు వేల కంటే కాగితాల్లో పోయే 33 వేలు పెద్దవి. అందుకే ఈ కథనం టికెట్ దగ్గర కాకుండా పాస్‌పోర్ట్ దగ్గర మొదలవుతుంది.

ముందు ఇంట్లో ఉన్న పాస్‌పోర్టులు తీసి చూడండి

షెంజెన్ నిబంధన ప్రకారం, మీరు యూరప్ నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్ట్ చెల్లుబాటులో ఉండాలి. రెండు ఖాళీ పేజీలు ఉండాలి. పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ పదేళ్లు ఉంటుంది కాబట్టి అది గుర్తుంటుంది. మర్చిపోయేది పిల్లలది. మైనర్ల పాస్‌పోర్ట్ ఐదేళ్లకో, 18 ఏళ్లు నిండగానో, ఏది ముందైతే అప్పటికి ముగిసిపోతుంది. 15 ఏళ్లు దాటిన పిల్లలకు పదేళ్ల పాస్‌పోర్ట్ కోరుకునే వీలుంది. మన ఉదాహరణలో అబ్బాయికి నాలుగేళ్ల వయసులో, ఏ దుబాయ్ ప్రయాణం కోసమో తీసుకున్నది ఉంటే, అది ఈపాటికి చివరికొచ్చినట్లే.

36 పేజీల సాధారణ పాస్‌పోర్ట్‌కు పెద్దలకు రూ.1,500, మైనర్లకు రూ.1,000. తత్కాల్‌కు మరో రూ.2,000 కట్టాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, 60 దాటినవాళ్లకు కొత్త పాస్‌పోర్ట్ ఫీజులో పది శాతం తగ్గింపు ఉంది. అమీర్‌పేటలో ఉన్న పాస్‌పోర్ట్ సేవా కేంద్రం 2025 సెప్టెంబర్‌లో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కు మారింది. మన వైపు వాళ్లకు ఇది కలిసొచ్చింది. ఉప్పల్‌లో, నాచారం వాళ్లయితే హబ్సిగూడలో, బ్లూ లైన్ ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్‌కు మారితే నేరుగా కేంద్రం ఉన్న స్టేషన్‌లోనే దిగొచ్చు. బేగంపేట కేంద్రం స్లాట్ దొరికితే బ్లూ లైన్ మారాల్సిన పని కూడా లేదు. ఇప్పుడు ఇచ్చేవి చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు. పాతది గడువులో ఉంటే చిప్ కోసం మార్చుకోనక్కర్లేదు.

ఇక్కడ ప్రభుత్వ సేవను మెచ్చుకోవాల్సిన మాట ఒకటుంది. ఒకప్పుడు పాస్‌పోర్ట్ అంటే నెలల తరబడి ఎదురుచూపు, పోలీస్ స్టేషన్ చుట్టూ ప్రదక్షిణలు. ఇప్పుడు ఈ మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో, తక్కువ తలనొప్పితో పూర్తయ్యేది అదే. సమస్యంతా దానిలో ఏం రాసి ఉందన్నదే.

‘కె. శ్రీనివాస్’ ఎవరు?

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది, అది కూడా ఒక అక్షరంగా. పదో తరగతి మెమోలో ‘కె. శ్రీనివాస్’, ఆధార్‌లో ‘శ్రీనివాస్ కొండూరి’, బ్యాంకు ఖాతాలో ‘కొండూరి శ్రీనివాస్’, కంపెనీ ఐడీలో ‘శ్రీనివాస్ కె’. మన ఊళ్లో ఈ నలుగురూ ఒక్కరేనని అందరికీ తెలుసు. దరఖాస్తు పరిశీలించే కాన్సులేట్ అధికారికి తెలియదు. ఆయన చూసేది బ్యాంక్ స్టేట్‌మెంట్ మీద ఉన్న పేరు, పాస్‌పోర్ట్ మీద ఉన్న పేరు ఒకటేనా అన్నది.

కొందరి పాత పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. పిల్లల పాస్‌పోర్ట్‌లో మాత్రం ఇంటిపేరు విడిగా ఉంటుంది. దాంతో తండ్రీకొడుకుల పేర్లలో ఉమ్మడి మాటే కనిపించదు. పిల్లల జనన ధ్రువపత్రంలో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో, పాస్‌పోర్ట్‌లో అత్తింటి ఇంటిపేరుతో ఉండటం మరీ మామూలు. దీనివల్లే వీసా తిరస్కరిస్తారని కాదు. కానీ వివరణ లేకపోతే అనుమానానికి తావిచ్చినట్లే. వీలైతే బ్యాంకు, ఆధార్, పాన్‌లలో పేరును పాస్‌పోర్ట్‌కు తగ్గట్టు మార్పించుకోండి. అంత సమయం లేకపోతే కవరింగ్ లెటర్‌లో రెండు వాక్యాల్లో తేడాను చెప్పి, రుజువుగా ఒక కాగితం జత చేయండి. పాస్‌పోర్ట్‌లో భార్య/భర్త పేరు లేనివాళ్లు పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం సిద్ధంగా పెట్టుకోవాలి. పాతికేళ్ల కిందట పెళ్లయి, దాన్ని రిజిస్టర్ చేయించని దంపతులు మన కాలనీల్లో తక్కువేమీ లేరు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం పని వీసా స్లాట్‌కు ముందే ముగియాలి.

పెద్దమ్మాయి పాస్‌పోర్ట్‌లోనో, నానమ్మ పాస్‌పోర్ట్‌లోనో ‘ఈసీఆర్’ అని ఉందని కంగారు పడొద్దు. అది కొన్ని నిర్దిష్ట దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేవాళ్లకు సంబంధించింది. యూరప్ పర్యటనకు అడ్డు కాదు.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలి?

షెంజెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. 2023 జనవరిలో క్రొయేషియా చేరింది. 2025 జనవరి నుంచి రొమేనియా, బల్గేరియాలకు రోడ్డు సరిహద్దులు కూడా తెరుచుకున్నాయి. వీసా ఒకటే అయినా, దరఖాస్తు ఎక్కడ చేయాలన్నది మీ ఇష్టం కాదు. ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటే ఆ దేశానికే చేయాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి.

‘ఫలానా దేశం ఈజీగా ఇస్తోంది, అక్కడ వేసి పారిస్ పోదాం’ అనే ఏజెంట్ సలహా ఇక్కడే దెబ్బతీస్తుంది. ఆ దేశంలో ఐదు రాత్రుల హోటల్ బుకింగ్ చూపించి, వీసా వచ్చాక రద్దు చేసి, మొత్తం సమయం మరోచోట గడిపితే అది అబద్ధం చెప్పి వీసా తీసుకున్నట్టే. సరిహద్దు దగ్గర అధికారి అడిగితే జవాబుండదు. దరఖాస్తుల వివరాలు షెంజెన్ దేశాల ఉమ్మడి వీసా వ్యవస్థలో ఐదేళ్ల వరకు ఉంటాయి. ఒక దేశం తిరస్కరించిన సంగతి మరో దేశానికి తెలియదనుకోవడం భ్రమ.

ఇంకో మాట, లండన్ గురించి. ప్రతి ఇంట్లోనూ లండన్‌లో ఓ మేనల్లుడో, వియ్యపురాలి కొడుకో ఉంటాడు. ‘అంత దూరం పోతున్నాం కదా, రెండ్రోజులు వాడిదగ్గర ఉండి వద్దాం’ అని మొదలవుతుంది. బ్రిటన్ ఎప్పుడూ షెంజెన్‌లో లేదు. దానికి వేరే వీసా, వేరే ఫీజు, వేరే అపాయింట్‌మెంట్. ఆ రెండు రోజులు నలుగురికి కలిపి పదుల వేలు మింగుతాయి. బడ్జెట్ టూర్ అనుకుంటే లండన్‌ను ఇంకో ఏడాదికి వదిలేయడం మంచిది. మేనల్లుడినే పారిస్ రమ్మంటే సరి.

స్లాట్ ఎప్పుడు వెతకాలి?

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల వరకు పడుతుంది. దసరా ఈసారి అక్టోబర్ 20న. అక్టోబర్ 10న బయల్దేరాలనుకుంటే ఏప్రిల్ 10 నుంచే కిటికీ తెరుచుకుంది. 45 రోజులనే దృష్టిలో పెట్టుకుంటే ఆగస్టు మొదటి, రెండో వారాల్లో దరఖాస్తు కేంద్రం గడప దాటాలి. 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగిన ఉప్పల్–నారపల్లి కారిడార్‌లా మన పనిని సాగదీస్తే సెప్టెంబర్‌లో స్లాట్ కోసం అర్ధరాత్రి ఫోన్ రిఫ్రెష్ చేస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

వేసవి ప్రయాణం కంటే దసరా ప్రయాణం ఎందుకు నయమంటే, ఏప్రిల్ చివర్లో మన స్కూళ్లకు సెలవులు ఇవ్వగానే దేశమంతా ఒక్కసారే స్లాట్ల మీద పడుతుంది. విమాన ధరలూ అప్పుడే పెరుగుతాయి. అక్టోబర్‌లో యూరప్‌లో చలి మొదలవుతుంది కానీ తట్టుకోగలిగేదే. ఈ ఏడాది అక్టోబర్ 25న అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. ఆ తర్వాత సాయంత్రం ఐదింటికల్లా చీకటి పడే ఊళ్లు ఉంటాయి కాబట్టి, దసరాకు ముందు వెళ్లొస్తే వెలుతురు కలిసొస్తుంది.

చాలా దేశాల దరఖాస్తులను హైదరాబాద్‌లోనే తీసుకుంటారు. ఢిల్లీ, ముంబై పోనక్కర్లేదు. తీసుకునేది వీఎఫ్ఎస్ లాంటి ప్రైవేట్ సంస్థ, నిర్ణయించేది మాత్రం కాన్సులేట్. ఈ తేడా తెలియక ‘మా వాడు లోపల ఉన్నాడు, వీసా గ్యారంటీ’ అనే మాటకు డబ్బిచ్చేవాళ్లు ఉన్నారు. లోపల ఎవరున్నా వాళ్ల చేతిలో నిర్ణయం లేదు. అపాయింట్‌మెంట్‌కు విడిగా రుసుము లేదని, స్లాట్లు అమ్మేవాళ్లను నమ్మొద్దని వీఎఫ్ఎస్ కూడా హెచ్చరిస్తోంది. ప్రీమియం లాంజ్, కొరియర్, ఎస్సెమ్మెస్ లాంటివి మీ ఇష్టం మీద కొనే అదనపు సేవలు. కౌంటర్ దగ్గర అడిగితే అక్కర్లేదని చెప్పొచ్చు. వాటివల్ల వీసా అవకాశం పెరగదు.

వేలిముద్రలు 12 ఏళ్లు నిండినవాళ్లకే. ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి. చిన్నవాడు కేంద్రానికి రావాలా అక్కర్లేదా అన్నది ఆయా దేశం చెక్‌లిస్ట్‌లో చూసుకోవాలి.

అధికారి చూసేది బ్యాలెన్స్ ఒక్కటే కాదు

తిరస్కరణ పత్రం ఒక ముద్రించిన ఫారం. కారణాల పక్కన గడిలో టిక్ పెట్టి ఇస్తారు. మనవాళ్లకు తరచూ కనిపించేవి రెండు: ప్రయాణ ఉద్దేశానికి, బసకు సంబంధించిన సమాచారం నమ్మదగినట్లు లేదన్నది ఒకటి. గడువులోపు తిరిగి వెళ్తారన్నదానిపై సందేహం ఉందన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు ఖాతాలో ఎంత ఉందన్నదాని కంటే, అది ఎలా వచ్చిందన్నదాంట్లో ఉంది.

నెలకు 70 వేల జీతం వచ్చే ఖాతాలో దరఖాస్తుకు వారం ముందు ఐదు లక్షలు పడితే, అది అప్పు తెచ్చి చూపించిన సొమ్మని అనుకోవడానికి అధికారికి పెద్ద తెలివి అక్కర్లేదు. చిట్టీ పాడుకున్న డబ్బయితే ఆ చిట్టీ పాస్‌బుక్, ఎఫ్‌డీ తీసినదైతే దాని రసీదు, స్థలం అమ్మినదైతే దస్తావేజు జత చేయాలి. ఉన్న ఎఫ్‌డీని పగలగొట్టి సేవింగ్స్‌లో వేయడం కంటే, ఎఫ్‌డీ సర్టిఫికెట్‌గానే చూపించడం నయం. సేవింగ్స్ ఖాతాలో జీతం పడటం, ఈఎంఐ పోవడం, స్కూల్ ఫీజు కట్టడం లాంటి మామూలు జీవితం కనిపించాలి. తిరిగొస్తారనడానికి అంతకంటే రుజువేముంది?

ఉద్యోగస్తులకు సెలవు మంజూరు లేఖ ముఖ్యం. తేదీలు, ‘తిరిగి విధుల్లో చేరతారు’ అన్న వాక్యం, సంతకం పెట్టినవారి ఫోన్ నంబరు ఉండాలి. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో చిన్న యూనిట్లు నడిపేవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లకు సెలవిచ్చేవాళ్లు లేరు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ రిటర్నులు, ఆదాయపన్ను రిటర్నులే వాళ్లకు సెలవు లేఖ. పన్ను తగ్గించుకోవడానికి ఆదాయం తక్కువ చూపించి, వీసా దగ్గర ఎక్కువ సంపాదన చెప్పడం కుదరదు. ఇక్కడ చాలామంది చిన్న వ్యాపారులు ఇరుక్కునేది అక్కడే. దీనికి దొడ్డిదారి లేదు, నిజమైన రిటర్నులే దారి.

విమాన టికెట్ కొని దరఖాస్తు చేయాలా? వీసాకు కావాల్సింది రిజర్వేషన్. డబ్బు కట్టిన టికెట్ కాదు. వీసా వచ్చేదాకా వెనక్కిరాని టికెట్ కొనొద్దని కాన్సులేట్లే చెబుతుంటాయి. రద్దు చేసుకునే వీలున్న హోటల్ బుకింగులు, హోల్డ్ చేసిన విమాన రిజర్వేషన్ సరిపోతాయి. అయితే అవి అసలువే కావాలి. తయారు చేసిన నకిలీ పీఎన్ఆర్ దొరికితే, అది ‘చెల్లని పత్రం’ గడిలో పడే టిక్. ఆ గడిలో పడ్డ టిక్ మిగతావాటికంటే చాలా కష్టం. బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు, మొత్తం షెంజెన్‌కు, అన్ని రోజులకు వర్తించేలా ఉండాలి.

కొడుకో కూతురో జర్మనీలో ఉంటే, వాళ్లు అక్కడి కార్యాలయంలో మీ ఖర్చులకు పూచీ పడుతూ ఇచ్చే అధికారిక పత్రం ఉంటుంది. ఇంట్లో టైపు చేసిన ఆహ్వాన లేఖకు దానికున్న బరువు ఉండదు.

తిరస్కరణకు గురైతే అప్పీలు హక్కు ఉంది, కానీ దాని దారి ఒక్కో దేశానిది ఒక్కోలా ఉంటుంది. జర్మనీ 2025 జులై 1 నుంచి కాన్సులేట్ స్థాయిలో ఉచితంగా పునఃపరిశీలన కోరే పద్ధతిని ఎత్తేసింది. ఇక మిగిలింది కొత్త దరఖాస్తు, లేదంటే అక్కడి కోర్టు. పది రోజుల సెలవు కోసం బెర్లిన్ కోర్టుకెక్కే కుటుంబం నాచారంలో ఉంటుందా? పేరుకు హక్కు, ఆచరణలో రెండోసారి ఫీజు. 2020లో 60 నుంచి 80 యూరోలకు, 2024 జూన్‌లో 90కి పెంచిన ఫీజును మూడేళ్లకోసారి సమీక్షించాలన్నది యూరప్ నిబంధన. స్లాట్లు దొరకడం కష్టమవుతున్నప్పుడు ఫీజు మాత్రం క్రమం తప్పకుండా పెరగడం న్యాయంగా కనిపించదు.

ప్యాకేజీనా? మనమే వేసుకోవాలా?

2026 బడ్జెట్ ఇక్కడ లెక్క మార్చింది. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే మూలంలో వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్, పది లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి మొత్తంతో నిమిత్తం లేకుండా 2 శాతమే. 8 లక్షల ప్యాకేజీకి ఒకప్పుడు 40 వేలు ముందుగా కట్టాల్సి వచ్చేది, ఇప్పుడు 16 వేలు. ఇది పోయే డబ్బు కాదు. రిటర్ను వేసేటప్పుడు మీ పన్నులో సర్దుకుంటుంది, ఎక్కువైతే వెనక్కొస్తుంది. అందుకే ఎవరి పాన్ మీద కట్టారో చూసుకోండి. రిటర్ను వేయని అమ్మ పాన్ మీద కడితే, ఆ 16 వేల కోసం ఆమె పేరున రిటర్ను వేయాల్సి వస్తుంది.

సొంతంగా వెళ్తే? ఉత్త టికెట్ కొనడమో, ఉత్త హోటల్ బుక్ చేసుకోవడమో ప్యాకేజీ కిందికి రాదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. ఫారెక్స్ కార్డులో వేసుకునే మొత్తం ఏడాదికి ఒక్కో పాన్ మీద పది లక్షలు దాటనంతవరకు టీసీఎస్ లేదు. మన కుటుంబం ఆ గీత దగ్గరికి కూడా రాదు.

ఇక ఖర్చు. ఇది మా అంచనా మాత్రమే, మీ తేదీలను బట్టి మారుతుంది. ఒక స్టాప్ ఉన్న టికెట్ మనిషికి 60 వేలనుకుంటే నలుగురికి 2.4 లక్షలు. అక్కడ రోజుకు గదికి 130 యూరోలు, తిండికి 70, తిరగడానికి 25, ప్రవేశ టికెట్లకు 30 అనుకుంటే 255 యూరోలు. పది రోజులకు 2,550 యూరోలు, సుమారు 2.68 లక్షలు. నగరాల మధ్య రైళ్లకు మరో 40 వేలు. వీసా, బీమా, సర్వీస్ చార్జీలు కలిపి 50 వేలు పెట్టండి. మొత్తం 6 లక్షలకు అటూ ఇటూ. స్విట్జర్లాండ్ కలిపితే ఈ లెక్క నిలవదు. మన సినిమా పాటలన్నీ అక్కడే తీశారు నిజమే, కానీ మంచు కొండే కావాలంటే ఆస్ట్రియాలోనూ ఉంది.

బడ్జెట్‌కు మా ఓటు వియన్నా, ప్రాగ్, బుడాపెస్ట్‌లకు. వియన్నా నుంచి బుడాపెస్ట్ రైల్లో మూడు గంటలలోపు, ప్రాగ్ నాలుగు గంటలు. వియన్నాలో ఎక్కువ రాత్రులుంటే దరఖాస్తు ఆస్ట్రియాకు. ప్రాగ్‌లో 15 ఏళ్లలోపు పిల్లలకు నగర రవాణా ఉచితం, పదేళ్లు దాటినవాళ్లకు వయసు రుజువు దగ్గరుండాలి. చెక్, హంగరీలు షెంజెన్‌లో ఉన్నా యూరో వాడవు. అక్కడ కార్డు మెషిన్ ‘రూపాయల్లో కట్టాలా, స్థానిక కరెన్సీలోనా’ అని అడుగుతుంది. రూపాయలు కనిపించగానే ప్రాణం లేచొస్తుంది, కానీ స్థానిక కరెన్సీనే నొక్కండి. రూపాయల్లో అంటే మారకం ధర వాళ్లు వేసుకున్నదే.

పారిస్ చూడకపోతే పిల్లలు ఒప్పుకోరంటారా, అప్పుడు ఆమ్‌స్టర్‌డామ్–పారిస్ జత ఉంది. హైదరాబాద్ నుంచి 2025 సెప్టెంబర్‌లో కేఎల్ఎం ఆమ్‌స్టర్‌డామ్‌కు నేరుగా విమానం మొదలుపెట్టింది. లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నడుపుతోంది. ఒక ఊళ్లో దిగి మరో ఊరి నుంచి తిరిగొచ్చే మల్టీసిటీ టికెట్ చూస్తే వెనక్కి రైలు ఖర్చు తప్పుతుంది. అయితే ఆమ్‌స్టర్‌డామ్‌లో గది అద్దె మీద 12.5 శాతం పర్యాటక పన్ను ఉంది. నెదర్లాండ్స్ 2026 జనవరి నుంచి హోటళ్ల మీద వ్యాట్‌ను 9 నుంచి 21 శాతానికి పెంచింది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 2026 జనవరి 14 నుంచి యూరప్ బయటి పెద్దలకు టికెట్‌ను 22 నుంచి 32 యూరోలు చేసింది. మన చార్మినార్ దగ్గర విదేశీయులకు ఎక్కువ ధర పెట్టినట్లే, ఇప్పుడు మనమూ అక్కడ విదేశీయులమే. 18 ఏళ్లలోపు పిల్లలకు మాత్రం లూవ్ర్ ఉచితం. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం, రోమ్ కొలోసియంలలోనూ అంతే. పిల్లల పాస్‌పోర్ట్‌లు చేతిలో ఉంచుకోండి.

సూట్‌కేసులో ఆవకాయ సరే, నెయ్యి వద్దు

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే తిండి ఖర్చు సగమవుతుంది. అందుకే అమ్మలు సగం వంటిల్లు సర్దేస్తారు. బియ్యం, పప్పు, ఆవకాయ, పొడులకు ఇబ్బంది లేదు. మాంసం, పాల పదార్థాలను బయటి దేశాల నుంచి ప్రయాణికులు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా దీని కిందికే వస్తాయి. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లూ వద్దు. దొరికితే తీసి పారేస్తారు, జరిమానా కూడా వేయొచ్చు.

విమానాశ్రయానికి క్యాబ్ బదులు సికింద్రాబాద్ వైపు నుంచి ఉప్పల్, ఎల్‌బీ నగర్ మీదుగా వెళ్లే పుష్పక్ బస్సు చూడండి. నాలుగు పెద్ద సూట్‌కేసులు ఒక్క క్యాబ్‌లో పట్టవు. రెండు క్యాబ్‌లు మాట్లాడుకుంటే ఆ డబ్బుతో వియన్నాలో అందరికీ ఒక పూట భోజనం వస్తుంది.

యూరప్‌లో మొదట దిగిన షెంజెన్ విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వియన్నా వెళ్తుంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త ఎంట్రీ–ఎగ్జిట్ వ్యవస్థలో పాస్‌పోర్ట్ మీద ముద్ర బదులు ఫొటో, వేలిముద్రలు నమోదు చేస్తారు. 12 ఏళ్లలోపు వాళ్లకు ఫొటో చాలు. దీనికి ఫీజు లేదు, సమయం పడుతుంది. గంటన్నర కనెక్షన్ చౌకగా దొరికిందని కొనకుండా, కనీసం మూడు గంటలు ఉన్నది చూసుకోండి. త్వరలో వస్తుందంటున్న ఈటియాస్ అనుమతి వీసా అక్కర్లేని దేశాలవాళ్లకు. దాని పేరు చెప్పి ఎవరైనా మన దగ్గర డబ్బు అడిగితే అది మోసం.

వీసా చేతికొచ్చాక స్టిక్కర్ మీద పేరు స్పెల్లింగ్, తేదీలు, అనుమతించిన రోజుల సంఖ్య అక్కడే చూసుకోవాలి. తిరిగొచ్చాక బోర్డింగ్ పాసులు, హోటల్ బిల్లులు పారేయొద్దు. భారతీయులకు 2024 ఏప్రిల్‌లో తెచ్చిన ప్రత్యేక నిబంధన ప్రకారం, మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని, వాటిని సరిగ్గా వాడుకున్నవాళ్లకు మామూలుగా రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇవ్వాలి. ఆ తర్వాత, పాస్‌పోర్ట్ గడువు మిగిలి ఉంటే, ఐదేళ్లది. వీసా ఉన్న పాత పాస్‌పోర్ట్‌ను రెన్యువల్ అయ్యాక కూడా బీరువాలో భద్రంగా ఉంచండి, తర్వాతి దరఖాస్తుతో దాన్నీ పెట్టాలి.